గట్టు మీది టేకు ఇంటి దర్వాజలకు: కోత మిషన్ కొనాలా, సా మిల్లుకు తోలాలా?

గట్టుటేకు:
అందరికీ నమస్కారం. మాది జగిత్యాల వైపు. పొలం గట్ల మీద 24 ఏండ్ల కింద పెట్టిన టేకుల్లో 14 చెట్లు ఇప్పుడు కోతకు వచ్చినయి. ఛాతీ ఎత్తున చుట్టుకొలత 34 నుంచి 42 అంగుళాలు, సగటున 38. ఒక్కో చెట్టుకు తిన్నగా 17 అడుగుల మొద్దు దిగుతది, ఆ పైన వంకర.

వచ్చే ఏడు ఇల్లు మొదలుపెడుతున్నం. కావాల్సినవి: సింహద్వారం ఒకటి, లోపలి దర్వాజలు 5, నాలుగడుగుల కిటికీలు 6, సింహద్వారానికి రెండు రెక్కలు, కిటికీ రెక్కలు. బాత్‌రూములకు కట్టె వాడం. లోపలి తలుపులు ఫ్లష్ డోర్లే కొంటం.

నా ముందు మూడు దారులు ఉన్నయి.

72 సీసీ చైన్‌సాకు 62 వేలు చెప్పిండ్రు. దానికి బిగించి పలకలు కోసే ఫ్రేము 11 వేలు. రెండోది, పట్టాల మీద నడిచే చిన్న బ్యాండ్ మిల్లు (పట్టీ రంపం), ఇంజన్‌తో కలిపి 3 లక్షలు. మూడోది, 18 కిలోమీటర్ల దూరంల సా మిల్లు. కోతకు దుంగ కొలత మీద సీఎఫ్‌టీకి (ఘనపు అడుగుకు) 70 రూపాయలు. ట్రాక్టర్ ట్రిప్పుకు 2500.

మిల్లు మీద నాకున్న అనుమానం ఏందంటే, సైజులు వాళ్ల ఇష్టం వచ్చినట్టు కోస్తరు, మంచి చెక్క మారుతదేమోనని భయం. సొంత మిషన్ ఉంటే తీరిగ్గా పొలంలనే కోసుకోవచ్చు కదా అనిపిస్తుంది. లెక్క తెలిసినోళ్లు చెప్పుండ్రి.

కోతలెక్క:
ముందు ఎంత చెక్క కావాలో, ఎంత దిగుతుందో చూద్దాం. మిషన్ సంగతి ఆ తర్వాత దానంతటదే తేలుతుంది.

సింహద్వారం 6×4 అంగుళాల సైజు అనుకుంటే, ఏడున్నర అడుగుల నిలువులు రెండు, నాలుగున్నర అడుగుల అడ్డాలు రెండు (పైది, గడప). మొత్తం 24 అడుగులు. 24 × 24 ÷ 144 = 4 సీఎఫ్‌టీ. లోపలి దర్వాజలు 4×3 సైజులో, గడప లేకుండా: 7 + 7 + 4 = 18 అడుగులు, ఒక్కోటి ఒకటిన్నర సీఎఫ్‌టీ. అయిదుకు ఏడున్నర. కిటికీలు 4×2½ సైజులో, కొమ్ములతో (గోడలోకి పోయే కొసలతో) కలిపి నాలుగున్నర అడుగుల అడ్డాలు రెండు, నాలుగడుగుల నిలువులు రెండు, నడుమ ఒకటి: 21 అడుగులు, ఒక్కోటి 1.46. ఆరింటికి 8.75. ఇవన్నీ కలిపితే 20కి కాస్త పైన. సింహద్వారం రెక్కలకు 4, కిటికీ రెక్కలకు 5. ముప్పైకి దగ్గరగా వచ్చింది. చిత్రికలో, తరుగులో పోయేది పదో వంతు వేసుకుంటే 33 సీఎఫ్‌టీ కోసిన చెక్క కావాలి.

ఇప్పుడు చెట్లు. మిల్లులో, డిపోలో దుంగ కొలిచే పద్ధతి ఇది: నడిమి చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగిస్తారు. ఛాతీ ఎత్తు అంటే దాదాపు మీ మొదటి దుంగకు నడిమి భాగమే. బెరడుకు 2 అంగుళాలు తీస్తే 38 కాస్తా 36. 36 ÷ 4 = 9. 9 × 9 × 8 ÷ 144 = 4.5 సీఎఫ్‌టీ. రెండో దుంగ నడిమి చుట్టు 28 అనుకుంటే 2.7. చెట్టుకు 7.2, పద్నాలుగు చెట్లకు 101.

ఈ కొలతలో ఒక సంగతి దాగుంది. దుంగలో ఉన్న అసలు ఘనపరిమాణం ఇంతకన్నా 27 శాతం ఎక్కువ. పక్కచెక్కలు, పొట్టు కింద పోయేదాన్ని ఈ లెక్క కొంత ముందే మినహాయిస్తుంది. అయినా మీ చెట్లు సన్నవి, తెల్లచెక్క (బెరడు కింది లేత చెక్క) ఎక్కువ. 101లో చేవ (లోపలి గట్టి చెక్క) మాత్రమే చూసుకుంటే 35 నుంచి 40 దిగుతుంది. అవసరానికి సరిపోతుంది, పెద్దగా మిగలదు.

ఇక డబ్బు. మిల్లు కోత 101 × 70 = 7,070. పచ్చి టేకు బరువు ఘనమీటరుకు దాదాపు టన్ను, కాబట్టి మొత్తం మూడున్నర టన్నుల పైమాటే. రెండు ట్రిప్పులు, 5 వేలు. ఎత్తుడు దించుడు కూలి 4 వేలు వేసుకోండి. 16 వేలతో పని అయిపోతుంది. చైన్‌సా దారిలో మిషను, ఫ్రేము కలిసి 73 వేలు. గొలుసులు, ఆకురాళ్లు, హెల్మెట్, కాళ్లకు కట్టే రక్షణ గుడ్డ, ఇలాంటివాటికి ఇంకో 15–18 వేలు. పెట్రోలు వేరే. పని అయ్యాక సగం ధరకు అమ్మినా 45 వేలు ఖర్చు మిగులుతుంది. 33 సీఎఫ్‌టీ చెక్క కోసం 3 లక్షల బ్యాండ్ మిల్లు గురించి అసలు ఆలోచించకండి.

ఒక్క ఇంటికే అయితే కొనొద్దు. మొద్దులు బండి దాకా చేరే దారి లేకపోయినా, ఏటా ఇంత కోత ఉన్నా అప్పుడు మాట వేరు.

చేవచెక్క:
పై లెక్కతో ఏకీభవిస్తాను. అయితే మిల్లు, చైన్‌సా మధ్య తేడా డబ్బులోనే కాదు, చెక్కలో కూడా ఉంది. సన్న దుంగల దగ్గర అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మొదటి దుంగ పై కొసలో చుట్టు 33 ఉంటే వ్యాసం పదిన్నర అంగుళాలు. తెల్లచెక్క చుట్టూతా అంగుళంపావు ఉంటే చేవ వ్యాసం 8 అంగుళాలు. ఇందులో 4×3 సైజులు రెండు పక్కపక్కన తీయాలి. ఎండితే కుంచించుకుంటుంది, చిత్రికలో పోతుంది కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడు 4¼×3¼ కొయ్యాలి. చైన్‌సా గొలుసు ఒక్కో కోతకు అంగుళంలో మూడో వంతు పైనే పొట్టు చేస్తుంది, 0.35 అనుకోండి. రెండు మూడుంపావులు, మధ్య కోత కలిపి వెడల్పు 6.85, ఎత్తు 4.25. మూల నుంచి మూలకు 8.06 అంగుళాలు. చేవ 8 అంగుళాలే, మూలల్లో తెల్లచెక్క పడింది. అదే బ్యాండ్ రంపమైతే కోత అంగుళంలో పదో వంతు. వెడల్పు 6.6, మూల నుంచి మూలకు 7.85. రెండూ నిండు చేవతో దిగుతాయి.

మూలన కాస్త తెల్లచెక్క ఉంటే ఏమవుతుందిలే అని వడ్రంగి దాన్ని గోడ వైపు తిప్పుతాడు. చెద ఎక్కేది గోడ వైపు నుంచే.

సింహద్వారం 6×4 నిలువులు మీ చెట్లలో ఒక్కో దుంగకు ఒక్కటే వస్తుంది, మధ్యలో మూలుగ (చెట్టు నడిబొడ్డున ఉండే మెత్తటి భాగం) ఉండి తీరుతుంది. 42 అంగుళాల చెట్టు పై కొసలో కూడా చేవ తొమ్మిదింపావు దాటదు. 6¼×4¼లు రెండు పెట్టాలంటే పదిన్నర అంగుళాల చేవ కావాలి. మూలుగ లోపల ఉన్న కర్ర ఎండుతుంటే ఏదో ఒక ముఖం మీద మూలుగ దాకా నెర్రె తప్పదు. ఆ నెర్రె ఎక్కడ పడాలో మీరే నిర్ణయించండి: గోడ వైపు వెళ్లే ముఖం మీద నిడివి పొడుగునా మూలుగ దగ్గర దాకా ఒక సన్న రంపపు గాడి కోయించండి. కర్ర ఎండేటప్పుడు ఆ గాడి తెరుచుకుంటుంది, ముందు ముఖం నున్నగా మిగులుతుంది. మిల్లులో చెబితే రెండు నిమిషాల పని. చెప్పకపోతే ఎవరూ చెయ్యరు.

ఇంకోటి, ఈ వయసు టేకులో బిగువు ఎక్కువ. ఒక వైపు నుంచే వరుసగా పలకలు తీసుకుంటూ పోతే మిగిలిన మొద్దు విల్లులా వంగుతుంది, ఆఖరి సైజు నడుమ ఒక లావు, కొసల్లో ఒక లావు వస్తుంది. ఒక పక్కచెక్క తీశాక దుంగను తిప్పి ఎదురు పక్కచెక్క తియ్యాలి, తర్వాత మిగతా రెండు వైపులు. ఇంకా ముప్పావంగుళం ఎక్కువ ఉన్నప్పుడే ఆపి, తిన్నగా ఉందో లేదో దారం పట్టి చూసి, ఆఖరి కోత వెయ్యాలి. మిల్లు మేస్త్రి తొందరలో ఉంటే ఇదే మొదట వదిలేస్తాడు. దగ్గర నిలబడి అడగండి.

గొలుసురంపం:
చైన్‌సాతో పలకలు కొయ్యడం సాధ్యమే, బాగా కూడా వస్తాయి. కానీ వీడియోల్లో చూపించే పని, పద్నాలుగు టేకుల పని ఒకటి కాదు. కొనే ముందు ఇవి తెలిసి ఉండాలి.

డబ్బాలో వచ్చే గొలుసు అడ్డకోతకు. దాని పళ్లు 30 డిగ్రీల వాలుతో ఉంటాయి. నిలువు కోతకు 10 డిగ్రీల వాలున్న గొలుసు కావాలి, లేదా మామూలు గొలుసునే అలా రాయాలి. మామూలు పళ్లతో నిలువుగా పెడితే కోత గరుకుగా వస్తుంది, బారు (గొలుసు తిరిగే పొడుగు రేకు) అటూ ఇటూ తిరుగుతుంది, ఇంజను వేడెక్కుతుంది. పంటి ముందుండే లోతు బొడిపె పంటి అంచు కంటే అంగుళంలో వెయ్యికి 25 భాగాలు కిందికి ఉండాలి. ఇంకా దించితే గొలుసు కొరికి ఆగిపోతుంది.

టేకు చెక్కలో సన్నటి ఇసుక గుణం ఉంటుంది, సిలికా. మామిడిలో నాలుగు కోతలు నడిచే గొలుసు టేకులో రెండు కోతలకే మొద్దుబారుతుంది. పొట్టు చూస్తే తెలిసిపోతుంది: రవ్వలా పడుతుంటే పదును ఉన్నట్టు, పిండిలా పడితే ఆపి ఆకురాయి పట్టాల్సిందే. పిండి పడుతుండగా ఒత్తి నడిపించడం వల్లనే బారు వంగేది, పిస్టన్ పట్టేసేది.

నిలువు కోతలో ఇంజను నిమిషాల తరబడి పూర్తి వేగంలోనే ఉంటుంది. ఆయిలు కంపెనీ చెప్పిన పాళ్లలోనే కలపాలి, సాధారణంగా 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు. పొదుపు కోసం తగ్గించకండి. కార్బ్యురేటర్ కాస్త పెట్రోలు ఎక్కువ తాగేలా తిప్పుకోవాలి. ప్రతి కోత తర్వాత ఒక నిమిషం నెమ్మదిగా నడవనిచ్చి అప్పుడు ఆపండి. ఎయిర్ ఫిల్టర్‌ను ట్యాంకు నింపిన ప్రతిసారీ దులపాలి. నిలువు కోత పొట్టు మెత్తగా ఉండి అరగంటలో మూసేస్తుంది.

మొదటి కోతకు దుంగ మీద తిన్నటి ఆధారం ఉండాలి. పది అడుగుల అల్యూమినియం నిచ్చెన గానీ, చదును చేసిన పలక గానీ మరలతో బిగించి, దాని మీద ఫ్రేము జరుపుతూ కొయ్యాలి. అది ఎంత వంకరో మిగతా అన్ని కోతలూ అంతే వంకర. దుంగను కాస్త ఏటవాలుగా పెడితే మిషను బరువే దాన్ని ముందుకు లాగుతుంది, నడుముకు సుఖం. ప్రతి రెండడుగులకు కోతలో చిన్న చీల దిగ్గొట్టండి, లేకపోతే పలక బరువుకు బారు పట్టుకుంటుంది.

మీ పని లెక్క: 28 దుంగలు, దుంగకు ఆరేడు కోతలు, అంటే 180 కోతలు. ఒక్కో కోత పదును ఉంటే 5 నిమిషాలు. ఒట్టి కోతే 15 గంటలు, 35 నుంచి 40 లీటర్ల పెట్రోలు. తిప్పడం, కొలవడం, పదును పెట్టడం కలిపితే ఇద్దరు మనుషులకు ఎనిమిది నుంచి పది రోజులు, రోజంతా పొగలో. టేకు పొట్టు కొందరికి ఒంటి మీద దద్దుర్లు తెస్తుంది, ఆయాసం ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, మంచి మాస్కు పెట్టుకోవాలి.

ఇంత చెప్పాక నా మాట: చెట్లు పడగొట్టి దుంగలు తుంచడానికి చైన్‌సా ఉన్న మనిషిని రెండు రోజులు మాట్లాడుకోండి. పలకలు మిల్లులో కోయించండి. మిల్లు బండి మీద పట్టని లావు వేప, చింత, మామిడి మొద్దులున్నప్పుడు ఫ్రేము కట్టిన చైన్‌సాకు సాటి లేదు. 11 అంగుళాల టేకుకు అది తగదు.

గట్టుటేకు:
అందరికీ చాలా చాలా థాంక్స్. లెక్క కళ్లకు కట్టింది. ఇంకో రెండు సందేహాలు. పక్క పొలాల వాళ్లకు కూడా టేకులు ఉన్నయి, నలుగురం కలిసి బ్యాండ్ మిల్లు కొంటే గిట్టుబాటు అయితదా? పొలంలనే కోసుకుంటే పర్మిషన్ల బాధ తప్పుతదని కూడా కొందరు అంటున్నరు, నిజమేనా?

పహాణీ:
రెండో ప్రశ్నకు ముందు జవాబు: తప్పదు. మిషన్ ఎవరిదైనా చెట్టు మాత్రం టేకే.

పట్టా భూమిలో చెట్టు కొట్టడానికే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. చెట్ల సంఖ్య, చుట్టుకొలతలు, సర్వే నంబరు, పట్టాదారు పాసుపుస్తకం నకలుతో అటవీ శాఖకు దరఖాస్తు పెట్టాలి. భూమి మీదేనని, ఆ చెట్లు ఆ నంబరులోనే ఉన్నాయని రెవెన్యూ వైపు నుంచి కూడా తేలాలి. గట్టు మీద చెట్లు కాబట్టి అవతలి పొలం వాళ్లతో హద్దు తగాదా లేదని ముందే రాయించుకోండి. ఈ దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

కొట్టాక దుంగలు కొలిచి, నంబర్లు వేసి, సుత్తి ముద్ర కొట్టి రవాణా పర్మిట్ ఇస్తారు. నీలగిరి, సుబాబుల్, సర్వికి ఉన్న వెసులుబాటు టేకుకు లేదు. పర్మిట్ లేకుండా ట్రాక్టర్ ఎక్కిస్తే కలపతో పాటు బండీ పోతుంది. కోసిన సైజులు తరలించినా ఇదే వర్తిస్తుంది, పలకలైపోయాయి కదా అనే మాట చెల్లదు. లైసెన్సున్న మిల్లు వాళ్లు పర్మిట్ చూడకుండా దుంగ దించనివ్వరు. వాళ్ల రిజిస్టరులో రాసుకోవాలి కాబట్టి.

బ్యాండ్ మిల్లు సంగతి. రంపపు మిల్లు పెట్టాలన్నా నడపాలన్నా 1969 నాటి సా మిల్లు నిబంధనల కింద లైసెన్సు ఉండాలి. 2002 అక్టోబరులో సుప్రీంకోర్టు కొత్త మిల్లులకు కేంద్ర సాధికార కమిటీ అనుమతి తప్పనిసరి చేసింది. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలతో ఆ పని రాష్ట్ర స్థాయి కమిటీల చేతికి వచ్చింది. నలుగురి దుంగలు కోసి పెట్టే బ్యాండ్ రంపాన్ని, పట్టాల మీద ఉన్నా సరే, అటవీ రేంజి అధికారి మిల్లుగానే చూస్తారు. అడ్వాన్సు ఇచ్చే ముందే డీఎఫ్ఓ (జిల్లా అటవీ అధికారి) కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి, జవాబు చేతికొచ్చాకే ముందుకు వెళ్లండి. నోటిమాట మీద 3 లక్షలు పెట్టొద్దు.

కోతలెక్క:
అనుమతి వస్తుందనుకున్నా, నలుగురికి గిట్టుబాటు అవదు. ఒక్కొక్కరికి 100 సీఎఫ్‌టీ చొప్పున 400. మిల్లు రేటుకు కోత 28 వేలు, రవాణా కలిపినా 64 వేలు. 3 లక్షలు ఎక్కడ, 64 వేలు ఎక్కడ. పైగా బ్యాండ్ రంపం పటం (పళ్లున్న పట్టీ) ఒక్కటి కొంటే సరిపోదు. టేకులో గంటా గంటన్నరకు మొద్దుబారుతుంది, పది పటాలైనా ఉండాలి, వాటికి పదును పెట్టే, పళ్లు విరిచే (అటొకటి ఇటొకటి వంచే) మనిషి దగ్గర్లో ఉండాలి. పటం మొద్దుబారినా, బిగువు తగ్గినా, పళ్ల విరుపు ఒక వైపు పోయినా పలక మీద అలలు వస్తాయి. అలలున్న పలక చిత్రికలో పావంగుళం పోగొట్టుకుంటుంది.

బద్దలపేర్పు:
కోత మీద ఇంత చర్చ జరిగింది, ఎండబెట్టడం మీద ఎవరూ రాయలేదు. మంచి టేకు పాడయ్యేది చాలాసార్లు ఇక్కడే. మిషన్‌కు పెట్టాలనుకున్న డబ్బులో పదో వంతు దీనికి పెట్టండి.

ముందు కాలం. ఆకు రాలిన తర్వాత, జనవరి–మార్చి మధ్య కొట్టించండి. కొట్టిన రోజే రెండు కొసలకూ పాత ఎనామిల్ పెయింటు గానీ కరిగించిన మైనం గానీ దట్టంగా పట్టించాలి. నిడివి వైపు కంటే కొసల నుంచి నీరు చాలా రెట్లు వేగంగా పోతుంది, అందుకే నెర్రెలు కొసల దగ్గర మొదలవుతాయి. రెండు వారాలు ఆగి పెయింటు వేస్తే లాభం లేదు, అప్పటికే నెర్రె లోపలికి పోయి ఉంటుంది. కోశాక కొత్త కొసలకు మళ్లీ వెయ్యాలి.

ఎండకాలం దుంగలుగా పొలంలో ఉంచకండి. నెల లోపల కోయించి నీడకు చేర్చండి. పేర్చే చోట ఒకటిన్నర అడుగు ఎత్తు ఇటుక దిమ్మెలు కట్టి, పైన తిన్నటి దూలాలు పరిచి, ఒక వరుస కర్ర, దాని మీద అడ్డంగా అంగుళం చదరపు బద్దలు, మళ్లీ కర్ర. బద్దకూ బద్దకూ రెండడుగులు. పై నుంచి కింది దాకా బద్దలు ఒకే నిలువు గీత మీద ఉండాలి. ఒక బద్ద ఆరంగుళాలు పక్కకు జరిగితే కింది పలక అక్కడ వంగి, అలాగే ఎండి, ఇక తిన్నగా రాదు. బద్దలు ఎండినవే వాడాలి. పచ్చి బద్ద పెడితే దాని కింద చారలు పడతాయి. అన్నిటికంటే పైన సిమెంటు ఇటుకలో రాళ్లో బరువు పెట్టండి. పడమటి గాలి వైపు గోనెపట్టాలు వేలాడదీయండి. మే నెల వడగాలి నేరుగా తగిలితే 6×4లు ఒక్క వారంలో నెర్రెలిస్తాయి.

అంగుళం పలకలు మూడు నాలుగు నెలల్లో ఆరుతాయి. 4×3, 6×4 కర్రలకు తొమ్మిది నెలల నుంచి ఏడాది ఇవ్వండి. ఎండిందో లేదో చెయ్యి పెట్టి చెప్పలేం. ఒక 4×3 ముక్కకు గుర్తు పెట్టి, పదిహేను రోజులకోసారి కిరాణా తూకం మీద తూచి, ఆ ముక్క మీదే చాక్‌పీసుతో రాయండి. మొదట్లో ప్రతిసారీ బాగా తగ్గుతూ వస్తుంది. వరుసగా మూడుసార్లు దాదాపు ఒకే తూకం వస్తే గాలితో సమానం అయినట్టు. తేమ మీటరు ఉంటే 12 శాతం చూసుకోండి. దాని మొనలు పై పొరే చదువుతాయి కాబట్టి లావు కర్రకు కొస తుంచి లోపల పెట్టి చూడాలి.

ముహూర్తం దీని ప్రకారం పెట్టుకోవాలి. జనవరిలో కొడితే మరుసటి ఏడు మాఘం దాకా దర్వాజ నిలబెట్టకండి. అంతకన్నా ముందే గోడలు లేస్తే సింహద్వారం ఒక్కదానికి ఎండిన కర్ర బయట కొనండి, లేదా గోడలో ఖాళీ వదిలి తర్వాత కూర్చోబెట్టండి. పచ్చి దర్వాజ పెట్టి ప్లాస్టరింగ్ చేస్తే ఆరు నెలలకు గోడకు, కర్రకు మధ్య సందు వస్తుంది, ఫ్లష్ డోర్ పట్టుకుంటుంది.

తెల్లచెక్క ఉన్న ముక్కలు పారేయకండి, కిటికీ రెక్కల లోపలి చట్రాలకు, అల్మారాలకు పనికొస్తాయి. పిప్పి పురుగు పట్టేది దాంట్లోని పిండిపదార్థానికి. వేడినీళ్లలో బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపి, పచ్చిగా ఉన్నప్పుడే ముంచి, ప్లాస్టిక్ పట్టా కప్పి రెండు మూడు వారాలు ఉంచితే లోపలికి ఇంకుతుంది. ఎండాక పూస్తే పైపైనే ఉంటుంది. వాన తగిలే చోట ఈ మందు కరిగిపోతుంది, కాబట్టి ఇంటి లోపలి పనికే.

దర్వాజ నిలబెట్టే రోజు గోడ తాకే ముఖానికి తారు గానీ ప్రైమర్ గానీ రెండు పూతలు వెయ్యడం మరవకండి. పైన చెప్పిన నెర్రె గాడిలోకి కూడా వెళ్లాలి.

గట్టుటేకు:
మిల్లుకే తోలుతం. బ్యాండ్ మిల్లు ఆలోచన వదిలేసిన. ఒక్కటి మిగిలింది. 14లో మూడు చెట్లకు ఒకప్పుడు ముళ్లకంచె కొట్టి ఉండె. తీగ తెంపేసినం, మేకులు లోపలనే ఉన్నయి. మిల్లు వాళ్లకు చెప్పాల్నా? చెప్తే కొయ్యరేమో.

చేవచెక్క:
చెప్పి తీరాలి. మేకు తగిలితే పటం తెగి ఎగురుతుంది, అక్కడ నిలబడ్డ మనిషి ప్రాణం మీదికి వస్తుంది. అయితే మూడు చెట్లూ పూర్తిగా పోయినట్టు కాదు.

చెట్టు పైకొసలోనే పెరుగుతుంది, కొట్టిన మేకు ఎత్తు మారదు. కంచె మూడు వరుసలైతే మేకులు ఒకటి, రెండున్నర, నాలుగడుగుల దగ్గరే ఇప్పటికీ ఉంటాయి. మారేది లోతు. కంచె కొట్టిననాడు చుట్టుకొలత 16 అంగుళాలు ఉంటే ఆ మేకు తల ఇప్పుడు మూలుగకు రెండున్నర అంగుళాల దూరంలో, నడి చేవలో ఉంటుంది. బయట బెరడు మీద చిన్న గుంట, లేదంటే పెదవి మూసినట్టు ఒక మచ్చ కనిపిస్తుంది. తుంచిన కొసలో నీలిమందు కారినట్టు నల్లటి చార కనిపిస్తే ఇనుము ఆ నిడివిలో దగ్గర్లోనే ఉంది. ఇనుము టేకులోని రసాయనాలతో కలిసి అలా మరక వేస్తుంది, అది మేకుకు పైకీ కిందికీ నిడివి పొడుగునా పాకుతుంది.

మిగతా 11 చెట్లకు తుంచే పద్ధతి వేరు, ఈ మూడింటికి వేరు. ఆ పదకొండింటిలో కిటికీ అడ్డాలు నాలుగున్నర అడుగులవి రెండు వచ్చేలా 9 అడుగుల 4 అంగుళాలు ఒకటి, దర్వాజ నిలువులకు 7 అడుగుల 4 అంగుళాలు ఒకటి తుంచితే మీ 17 అడుగుల్లో సరిగ్గా ఇమిడిపోతుంది. సింహద్వారానికి ఏడున్నర అడుగుల నిలువులు కావాలి కాబట్టి లావైన రెండు చెట్లను పక్కన పెట్టి, వాటి మొదటి దుంగ 8 అడుగులు తుంచండి. అలవాటు ప్రకారం అన్నీ 8 అడుగులకు తుంచేస్తే కిటికీ అడ్డాలకు ఒక్కో దుంగలో మూడున్నర అడుగులు వృథా.

కంచె చెట్లు మూడింటికి మాత్రం మొదలు నుంచి అయిదు అడుగుల దగ్గర తుంచి, ఆ కింది ముక్కను మిల్లుకు పంపకండి. పైన మిగిలిన 12 అడుగుల్లో 7 అడుగుల 4 అంగుళాల నిలువు దుంగ, నాలుగున్నర అడుగుల ముక్క వస్తాయి. వాటిని కూడా ఎక్కించే ముందు మెటల్ డిటెక్టర్ తిప్పించండి, కొన్ని మిల్లుల్లో వాళ్ల దగ్గరే ఉంటుంది. కింది ముక్కలను గొడ్డలి, చీలలతో నిలువునా చీల్చండి. టేకు తిన్నగా చీలుతుంది, మేకులు బయటపడతాయి, మేకు లేని చీలికలు కిటికీ నడిమి నిలువులకు వడ్రంగి చేతిలో సరిపోతాయి. తుంచే మనిషికి కూడా ఆ మూడు చెట్ల మీద సున్నంతో గుర్తు పెట్టి చూపించండి, గొలుసు మేకు మీద పడకుండా.